నచ్చిందా అని కాదు, ఎలా ఉందో చెప్పు: బెంగళూరు ట్యాపుల దగ్గర బీరు రుచి చూసే పద్ధతి

మా బావమరిది గుంటూరు నుంచి ఇంటర్వ్యూ పని మీద బెంగళూరు వచ్చినప్పుడు ఇందిరానగర్‌లో, బీరు అక్కడికక్కడే కాచి పోసే ఒక మైక్రోబ్రూవరీకి తీసుకెళ్లాను. ముందుగా వీట్ బీర్, అంటే గోధుమలు కలిపి కాచింది, చెప్పాను. గ్లాసు బల్ల మీద పెట్టగానే వాడు వెలుతురుకి ఎత్తి చూసి, "బావా, ఇది మడ్డిగా ఉంది, మార్చమను" అన్నాడు. ఒక గుక్క తాగి, "పైగా అరటిపండు పిసికారు. లవంగం కూడా వేసినట్టున్నారు" అన్నాడు.

మడ్డిగా ఉన్న మాట నిజం. అరటిపండు వాసన నిజం. లవంగం ఘాటూ నిజమే. వాడి కన్ను, ముక్కు, నాలుక మూడూ సరిగానే పనిచేశాయి. తేడా కొట్టింది తీర్పు దగ్గర. జర్మన్ పద్ధతి వీట్ బీరులో ఆ మూడూ ఉండి తీరాలి. అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. అక్కడ వాడే ఈస్టే పులిసేటప్పుడు ఆ వాసనలు పుట్టిస్తుంది. అదే మడ్డి, అదే లవంగం పిల్స్‌నర్ అనే తేటైన లేత రంగు బీరులో కనిపించాయనుకోండి, అప్పుడు మావాడి మాటే రైటు. ఆ గ్లాసు వెనక్కి పంపాల్సిందే.

బీరుని బేరీజు వేయడంలో అసలు కిటుకు ఇదే. "నాకు నచ్చిందా" అనేది ఒక ప్రశ్న, "ఇది ఏ రకమని చెప్పుకుంటోందో ఆ రకంగా ఉందా" అనేది ఇంకో ప్రశ్న. నాకు కాకరకాయ ఇష్టం లేకపోవచ్చు. అంతమాత్రాన కాకరకాయ వేపుడు బాగా కుదిరిందో లేదో చెప్పలేనా? ఈ రెండు ప్రశ్నల్నీ విడదీయడం వస్తే మిగతాదంతా సాధనే. సాధనకి కావాల్సిన వాసనలు చాలావరకు మన వంటింట్లోనే ఉన్నాయి.

బయల్దేరే ముందు

బెంగళూరు ఈ పనికి మంచి ఊరు. 2010లో ఇందిరానగర్‌లో టాయిట్ తెరిచాక మైక్రోబ్రూవరీల సందడి పెరిగింది. మగ్రాత్ రోడ్డులో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్, ఇంకా కోరమంగళ నుంచి సర్జాపూర్ రోడ్డు దాకా ఎన్నో వచ్చాయి. అక్కడే కాచి, అక్కడే ట్యాంకు నుంచి గ్లాసులోకి వంపే బీరు కాబట్టి తాజాగా ఉంటుంది, ఒకే చోట ఐదారు రకాలు దొరుకుతాయి. చాలా చోట్ల చిన్న గ్లాసుల్లో అన్ని రకాలూ కలిపి 'సాంప్లర్' ఇస్తారు. మనకి కావాల్సింది అదే.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి, భోజనానికి ముందు వెళ్లండి. డీజే ఉండదు, వెలుతురు ఉంటుంది, సర్వర్‌కి మన ప్రశ్నలకి జవాబు చెప్పే తీరిక ఉంటుంది. ఆకలి కొద్దిగా ఉన్నప్పుడు ముక్కు చురుగ్గా ఉంటుంది. సెంటు కొట్టుకుని వెళ్లొద్దు. గంట ముందు నుంచి సిగరెట్టు, కిళ్లీ, పుదీనా చూయింగ్ గమ్ వద్దు. జలుబు చేసి ఉంటే ఆ రోజు ప్రోగ్రాం రద్దు చేసుకోండి. ముక్కు దిబ్బడేసిన మనిషి బీరు రుచి చెప్పడమంటే రేడియోలో క్రికెట్ విని బ్యాట్స్‌మన్ చొక్కా రంగు చెప్పడం లాంటిది.

మనవాళ్లతో అసలు ఇబ్బంది తిండి దగ్గర వస్తుంది. కూర్చోగానే చిల్లీ చికెన్, మసాలా పల్లీ చెప్పేస్తారు. కారం తగిలిన నాలుకకి గ్యాస్ సూదుల్లా గుచ్చుకుంటుంది, హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) చేదు రెట్టింపు అనిపిస్తుంది, సున్నితమైనవి ఏవీ అందవు. రుచి చూడటం అయ్యాక రెసిడెన్సీ రోడ్డుకి పోయి ఆంధ్రా భోజనం, గన్‌పౌడర్ అనే కందిపొడి, నెయ్యి అన్నీ లాగించండి, ఎవరూ వద్దనరు. అప్పటిదాకా మాత్రం మామూలు నీళ్లు, ఉప్పూకారం లేని బ్రెడ్డు ముక్క.

ఎంత తాగాలి? రకానికి వంద మిల్లీలీటర్లు చాలు, ఐదు రకాలకి మించొద్దు. ఐదు శాతం బీరు ఐదొందల మిల్లీలీటర్లంటే అందులో ఉన్న ఆల్కహాల్ 25 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు ఒక్క సీసాలో 52 ఉంటుంది. తేడా చూశారా? ఆరో గ్లాసు నుంచి మీరు రాసే నోట్సు అన్నీ "సూపర్" అనే ఉంటాయి, నా పాత నోటుబుక్కే సాక్ష్యం. గుమ్మం దగ్గర 21 ఏళ్లు నిండాయా అని అడుగుతారు, కార్డు పెట్టుకోండి. బండి మాత్రం ఇంట్లో వదిలేయండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. పర్పుల్ లైన్ మెట్రో ఇందిరానగర్ స్టేషన్ ఉండగా ఆ టెన్షన్ దేనికి.

గ్లాసు, నురగ

గ్లాసులో బీరు పోశాక లోపలి గోడకి బుడగలు అతుక్కుని ఉంటే ఆ గ్లాసు సరిగా కడగలేదని అర్థం. జిడ్డో, సబ్బో మిగిలింది. మొహమాటం లేకుండా మార్చమనండి. జిడ్డు నురగని చంపేస్తుంది.

నురగ అంటే మనవాళ్లకి అనుమానం. గ్లాసు వంచి, ఒక్క బుడగ లేకుండా పోస్తే గానీ డబ్బుకి న్యాయం జరిగినట్టు ఉండదు. బార్‌లో నురగ చూస్తే "సగం గాలే పోశాడు" అంటారు. తాగడానికి ఆ లెక్క సరే. రుచి చూడటానికి మాత్రం రెండు వేళ్ల మందాన నురగ కావాలి. వాసనల్ని పైకి మోసుకొచ్చేది అదే. ఇంట్లో సీసా వంపుతున్నా గ్లాసు సగం నిండాక నిటారుగా పెట్టి మధ్యలోకి పోయండి. అంచు దాకా నింపొద్దు. పైన ఖాళీ ఉంటేనే ముక్కుకి పని.

చలవ సంగతి. "చిల్డ్" అని అడగడం మనకి రిఫ్లెక్స్ అయిపోయింది. మంచులా చల్లగా ఉన్న బీరులో వాసనలు పైకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది. కంపెనీ లాగర్లని (కింగ్‌ఫిషర్ లాంటి లేత రంగు బీర్లని) అంత చల్లగా తాగమనడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. లాగర్లు 5 నుంచి 7 డిగ్రీల దగ్గర, హాప్స్ దట్టించిన ఐపీఏలు (ఇండియా పేల్ ఏల్) 7 నుంచి 10, నల్లటి స్టౌట్ 10 నుంచి 13 దగ్గర నోరు విప్పుతాయి. థర్మామీటర్ అక్కర్లేదు. మొదటి గుక్క చల్లగా ఉన్నప్పుడు తీసుకోండి, తర్వాత గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఆ రెండు గుక్కలకీ మధ్య తేడా రాసుకోండి.

వరస

తేలికదాని నుంచి బరువుదానికి, చేదు తక్కువదాని నుంచి ఎక్కువదానికి. లాగర్ లేదా పిల్స్‌నర్, వీట్ బీర్, పేల్ ఏల్, స్టౌట్, ఐపీఏ. స్టౌట్, ఐపీఏల్లో ఏది ముందు అని కొట్టుకుంటుంటారు. నేను ఐపీఏ చివర పెడతాను, దాని చేదు తర్వాత ఇంకేదీ తెలియదు కాబట్టి. స్టౌట్ ఎనిమిది శాతం దాటిన ఇంపీరియల్ రకమైతే మాత్రం దాన్నే చివరికి నెట్టండి.

చూడటం త్వరగా, వాసన నెమ్మదిగా

కంటితో చూడాల్సినవి మూడే: రంగు, తేట, నురగ. దీని మీద పది సెకన్లకి మించి ఖర్చు పెట్టకండి, ఎందుకంటే కన్ను ముక్కుని మోసం చేస్తుంది. నల్లగా కనబడితే చాలు, మెదడు కాఫీ వాసన కల్పించేస్తుంది.

వాసన దగ్గర మాత్రం ఓపిక పట్టండి. నురగ దిగిపోకముందే గ్లాసుని ముక్కు కింద నుంచి ఒకసారి ఇటు నుంచి అటు పోనివ్వండి. కొన్ని వాసనలు మొదటి అరనిమిషంలోనే ఎగిరిపోతాయి, అవి దొరికేది ఇక్కడే. తర్వాత కుక్కపిల్ల మాదిరి రెండు మూడు చిన్న పీల్పులు. ఆ తర్వాత గ్లాసు మూతి మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా తిప్పి, చెయ్యి తీసి ఒక పెద్ద పీల్పు. ముక్కు అలసిపోతే మీ మోచేతి మడతనో, చొక్కా చేతినో వాసన చూడండి. మన ఒంటి వాసన ముక్కుకి అలవాటు, అది సున్నాకి తెస్తుంది.

ఏం వాసన వచ్చిందో రాసేటప్పుడు విదేశీ పండ్ల పేర్లు అరువు తెచ్చుకోకండి. నేను మొదట్లో "గ్రేప్‌ఫ్రూట్" అని రాసేవాణ్ణి, అప్పటికి దాన్ని ఒక్కసారైనా తిన్నవాణ్ణి కాదు. మనకి పంపరపనస ఉంది, దాని తొక్క గిల్లితే వచ్చే వాసన అమెరికన్ హాప్స్‌కి చాలా దగ్గర. బత్తాయి తొక్క, దబ్బకాయ, మాగిన మామిడి, గుగ్గిలం, ఇవన్నీ ఐపీఏల్లో దొరుకుతాయి. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) వైపు చూస్తే: పేలాలు, అప్పుడే కోసిన బ్రెడ్డు, దోరగా వేగిన కందిపప్పు, బెల్లం పాకం, డికాక్షన్, మాడిన అన్నం అడుగు. 'దోరగా' అనే ఒక్క మాట చూడండి. పచ్చికీ మాడుకీ మధ్య ఎక్కడ ఆగిందో చెప్పేస్తుంది. మాల్ట్ వేయించిన స్థాయి చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు తెలియదు.

నోట్లో

రెండు చెంచాలంత తీసుకోండి. వెంటనే మింగకుండా నాలుక మీద, చెంపల వైపు తిప్పండి. మింగి, నోరు మూసి, ముక్కుతో గాలి వదలండి. అప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే మనం 'రుచి' అనుకునేదాంట్లో పెద్ద వాటా. ముక్కు మూసుకుని ఒక గుక్క, వదిలేసి ఒక గుక్క తాగి చూడండి, నమ్మకం కుదురుతుంది. నాలుక కొస తీపికి, వెనక చేదుకి అని బళ్లో బొమ్మ గీయించారే, అది తప్పు. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. వైన్ వాళ్లలా ఉమ్మేయకండి. బీరులో చేదు మింగాకే పూర్తిగా పైకొస్తుంది.

మింగాక ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. (తెలుగువాళ్లం నలుగురం చేరితే ఇదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు.) ఏ రుచి ముందు వచ్చింది, ఏది చివరిదాకా నిలిచింది, నోరు ఆరిందా, తీపి అతుక్కుందా?

ఇక్కడ చేదునీ వగరునీ కలిపేయకండి. చేదు హాప్స్ నుంచి వస్తుంది, కావాలని వేసింది. వగరు అంటే పచ్చి అరటికాయ తొక్క తగిలినట్టు, నాలుక బిరుసెక్కి చెంపలు లోపలికి లాక్కున్నట్టు ఉండేది. బార్లీ పొట్టులోని టానిన్లు ఎక్కువగా దిగితే అది వస్తుంది, చాలా రకాల్లో తప్పు కింద లెక్క. ఇంగ్లిష్‌లో నేర్చుకునేవాళ్లు ఈ రెండిటికీ తడబడుతుంటారు. ఏటా ఉగాది పచ్చడిలో వేపపువ్వునీ మామిడి పిందెనీ విడివిడిగా పట్టుకునే నాలుకకి ఆ ఇబ్బంది ఉండకూడదు. చేదులో కూడా తేడా చూడండి. చప్పున వచ్చి చప్పున పోయే వేపపువ్వు చేదు వేరు, నెమ్మదిగా వచ్చి నాలుక్కి పట్టుకునే మెంతుల చేదు వేరు. మంచి పిల్స్‌నర్ చేదు మొదటి రకం.

రకాలు: దేనిలో ఏం వెతకాలి

బీరులన్నీ స్థూలంగా రెండు కుటుంబాలు. ఏల్ ఈస్ట్ సుమారు 16 నుంచి 22 డిగ్రీల మధ్య వారం పది రోజుల్లో పని ముగిస్తుంది, పండ్ల వాసనలు ఇస్తుంది. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చలిలో నిదానంగా పనిచేస్తుంది, తర్వాత ఇంకా చల్లగా వారాల తరబడి ఊరబెడతారు. అన్నాళ్లు ట్యాంకు ఇరుక్కుపోతుంది కాబట్టి చిన్న బ్రూవరీలకి లాగర్ ఖరీదైన వ్యవహారం.

అందుకే కొత్త చోటికి వెళ్తే నేను ముందు అడిగేది లాగర్ లేదా పిల్స్‌నర్. చెక్ ఊరు ప్ల్జెన్‌లో 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ లేత బంగారు రంగులో కాచిన బీరుతో ఈ రకం మొదలైంది. మెత్తటి నీళ్లు, లేత మాల్ట్, సాజ్ హాప్స్, అంతే. దాచుకోవడానికి పండు లేదు, మాడు లేదు, మసాలా లేదు. ముద్దపప్పూ అన్నంలాంటిది, ఏ చిన్న తప్పు జరిగినా బయటపడుతుంది. తేటగా, తెల్లటి నురగతో, పేలాల కమ్మదనంతో మొదలై, శుభ్రమైన చేదుతో పొడిగా ముగియాలి. మన కింగ్‌ఫిషర్ కూడా లాగరే, కాకపోతే హాప్స్ బాగా తక్కువ వేసిన తేలిక రకం. దాన్ని ఆ కొలతతోనే చూడాలి. ఒకటి పక్కన ఒకటి పెట్టుకుని తాగితే హాప్స్ అంటే ఏమిటో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

వీట్ బీర్ బెంగళూరులో బాగా నడిచే సరుకు. ఇందులో రెండు ఇళ్లున్నాయి, కలపకండి. జర్మన్ హెఫెవైజెన్‌లో మాల్ట్‌లో సగానికి తక్కువ కాకుండా గోధుమే. అరటిపండూ లవంగమూ ఈస్ట్ ఇచ్చినవే. ఇక్కడ నేను చూసేది ఆ రెండిటి తూకం. అరటిపండు మరీ ఎక్కువైతే చాక్లెట్ కాగితం వాసన, లవంగం ఎక్కువైతే పంటి డాక్టరు గది వాసన. బెల్జియం విట్ బీర్ వేరు: అందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. కనుమరుగైపోయిన ఈ రకాన్ని 1966లో హోగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ మళ్లీ కాచడం మొదలుపెట్టాడు. బీరా వైట్ ఈ బాటలోదే. అందులో ధనియాలు పట్టుకోవడం మనకి ఎడమచేతి పని. సాంబారు పొడి దంచిన ఇంట్లో పెరిగాం కదా. రెండు రకాల్లోనూ చేదు నామమాత్రం. కొలత కావాలంటే హెఫెవైజెన్‌కి 8 నుంచి 15 ఐబీయూ (చేదుని కొలిచే అంకె). జర్మన్ పిల్స్‌కి 22 నుంచి 40, అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70.

ఆ నంబర్లని మాత్రం వేదంలా చూడకండి. ఐరిష్ స్టౌట్, జర్మన్ పిల్స్ రెండూ ఇంచుమించు ఒకే ఐబీయూ పరిధిలో ఉంటాయి, నోట్లో ఎంత తేడా! మాల్ట్ తీపి, వేయించిన గింజల చేదు ఆ నంబర్లో పట్టుబడవు.

ఐపీఏ పేరులో ఇండియా ఉంది కదా అని మనకో చిన్న గర్వం. లండన్‌లో జార్జ్ హాడ్జ్‌సన్ బో బ్రూవరీ నుంచి కలకత్తా, మద్రాసులకి ఓడల్లో పేల్ ఏల్ వచ్చేది, నెలల ప్రయాణం తట్టుకోవడానికి ఎక్కువ హాప్స్ పనికొచ్చాయి. అయితే ఇండియా కోసమే కొత్తగా కనిపెట్టారన్న కథ సగమే నిజం. హాప్స్ దట్టించిన బీరు ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉంది. ఇప్పుడు ట్యాపుల్లో దొరికేది ఎక్కువగా అమెరికన్ పద్ధతి. ముక్కు దగ్గర పంపరపనస, మామిడి, గుగ్గిలం గుప్పుమనాలి. హాప్స్ వాసన త్వరగా చచ్చిపోతుంది, కాబట్టి ఈ కెగ్గు (బీరు పీపా) ఎప్పటిదని అడగండి. చేదు ఉండి వాసన లేదంటే అది పాత ఐపీఏ. 'హేజీ' అని రాసి ఉంటేనే మడ్డితనం ఒప్పుకోవాలి.

స్టౌట్ అంటే భయపడతారు, నల్లగా ఉంది కదా స్ట్రాంగ్ అని. ఐరిష్ డ్రై స్టౌట్ నాలుగు నుంచి ఐదు శాతం మధ్యే ఉంటుంది, మన స్ట్రాంగ్ బీరులో సగం చిల్లర. మాల్ట్ చేయని బార్లీని కాఫీ గింజల్లా వేయించి వేయడం వల్ల ఆ రంగు. ఇక్కడ నా కొలత ఫిల్టర్ కాఫీ. మొదటి డికాక్షన్ కమ్మదనం ఉంటే మంచి స్టౌట్. పొద్దుటి డికాక్షన్‌ని సాయంత్రం మళ్లీ మరగబెట్టినట్టు పుల్లటి మాడు ఉంటే కాదు. నైట్రోజన్‌తో పోసే చోట నురగ మీగడలా ఉంటుంది, గ్యాస్ పొడవదు. కొన్నిచోట్ల చిక్కమగళూరు కాఫీ వేసి కాస్తారు. అప్పుడు కాఫీ ఎక్కువై బీరు కనపడకుండా పోయిందేమో చూడండి.

ఇక ఊరి సరుకు: ఎండాకాలం మామిడి బీర్లు, టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ లాంటివి. బియ్యం బీరుని తేలిక చేస్తుంది, పొడిగా ముగిస్తుంది, అది తప్పేం కాదు. పండు వేసినవాటికి నా నియమం ఒకటే: పండుని మనసులో పక్కకి తీసేస్తే అడుగున బీరు మిగలాలి.

తప్పులు పట్టడం: వంటింటి కిట్

ఒకసారి ఒకచోట లాగర్ చెప్పాను. మొదటి పీల్పులోనే సినిమా హాలు ఇంటర్వెల్ గుర్తొచ్చింది, వెన్న రాసిన పాప్‌కార్న్. నోట్లో నూనె రాసినట్టు జిడ్డు. అడిగితే "మా స్టైలే అంత సార్, స్మూత్‌గా ఉంటుంది" అన్నాడు కుర్రాడు. స్మూత్ కాదు, అది డయాసిటైల్. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు ఇది పుట్టడం మామూలే, చివర్లో కాస్త వెచ్చదనం, ఇంకొన్ని రోజుల టైం ఇస్తే ఆ ఈస్టే దాన్ని తినేస్తుంది. తొందరపడి ట్యాంకు ఖాళీ చేస్తే మిగిలిపోతుంది. బీరు వచ్చే పైపులు కడగకపోయినా వస్తుంది. గొడవ పడలేదు, వేరే రకం ఇమ్మన్నాను. ఇచ్చాడు.

ఇలాంటివి పట్టాలంటే ఆ వాసనలు ముందే గుర్తుండాలి. ఇంట్లో ఒక ఆదివారం ఇవన్నీ చిన్న గిన్నెల్లో వరసగా పెట్టి, కళ్లు మూసుకుని పోల్చండి.

- కరిగించిన వెన్న: పైన చెప్పిన డయాసిటైల్.
- డబ్బా స్వీట్‌కార్న్, మూత తీసిన వెంటనే: డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్). లేత మాల్ట్ నుంచి వస్తుంది, మూత లేకుండా తెర్లకాస్తే ఆవిరితో పోతుంది. కాయడం చాలకపోతే ఉండిపోతుంది.
- కోసిన పచ్చి యాపిల్: అసిటాల్డిహైడ్. బీరు ఇంకా పసిది, ట్యాంకులోంచి ముందే తీసేశారు.
- వేడి నీళ్లలో నానబెట్టిన అట్టపెట్టె ముక్క (వాసనకే, తాగడానికి కాదు): గాలి తగిలి, ఎండలో లారీల్లో తిరిగి పాతబడిన బీరు. సీసా మీద ప్యాకింగ్ తేదీ చూడటం అందుకే.
- వెనిగర్: బ్యాక్టీరియా చేరింది. 300 మిల్లీలీటర్ల లాగర్‌లో కొన్ని చుక్కలు వేసి, ఎన్నో చుక్క దగ్గర పట్టుకున్నారో లెక్కపెట్టండి.
- బ్యాండ్‌ఎయిడ్ పట్టీ: నీళ్లలో లేదా కడిగిన మందులో క్లోరిన్ మిగిలింది.

ఎండ దెబ్బకి మాత్రం గిన్నె అక్కర్లేదు. పచ్చ సీసా బీరు ఒకటి, అదే బ్రాండు డబ్బాలో ఒకటి తీసుకుని రెండూ బాల్కనీలో అరగంట ఎండలో పెట్టి, తర్వాత ఫ్రిజ్‌లో చల్లార్చి పక్కపక్కన వాసన చూడండి. హాప్స్‌లోని చేదు పదార్థం వెలుతురుకి విరిగి గంధకం కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది, పచ్చది ఆపలేదు. ఇంగ్లిష్ పుస్తకాల్లో దీన్ని స్కంక్ అనే జంతువు కంపు అంటారు. మనమెవరం స్కంక్‌ని చూడలేదు. నాకైతే కాలిన రబ్బరూ కుళ్లిన ఉల్లిపాయా కలిసినట్టుంటుంది. మా ఆవిడ "ఎవరో చిదిమిన నల్లి" అంది. అదే బాగుంది, అప్పటి నుంచి నోట్సులో 'నల్లి' అనే రాస్తున్నాను.

ఒక్క హెచ్చరిక. తప్పు అనేది రకాన్ని బట్టి మారుతుంది. కొన్ని చెక్ లాగర్లలో వెన్న వాసన లేశమాత్రం ఉండొచ్చు. పులుపు బీర్లలో పులుపు ఉండాలి. మావాడి లవంగం సంగతి ముందే చెప్పాను.

మార్కులు వేయడం

అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే న్యాయనిర్ణేతల సంస్థ యాభై మార్కుల కాగితం వాడుతుంది. నేనూ అదే వాడతాను: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఒరవడికి (బరువు, గ్యాస్ ఎలా తగిలాయన్నదానికి) 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. చూపుకి మూడే మార్కులని గమనించండి. మీకు 'నచ్చడం' అనేది దూరాల్సింది ఆ చివరి పదిలోనే. 45, ఆ పైన అద్భుతం, 38 నుంచి 44 శ్రేష్ఠం, 30 నుంచి 37 చాలా బాగుంది, 21 నుంచి 29 ఫరవాలేదు, 14 నుంచి 20 అంతంతమాత్రం, ఆ కింద ఏదో పెద్ద తప్పు ఉన్నట్టు. రకాల లక్షణాలన్నీ రాసిన వాళ్ల 2021 గైడ్‌లైన్స్ ఫోన్‌లో ఉచితంగా దించుకోవచ్చు. రుచి చూశాక చదవండి, ముందు చదివితే అందులో ఉన్నవన్నీ మీ గ్లాసులో కనపడతాయి.

నా నోటుబుక్కులో ఒక హెఫెవైజెన్ పేజీ ఇలా ఉంది: "వాసన 9. అరటిపండు ముందు, లవంగం వెనక, కాస్త బ్రెడ్డు. చూపు 3. మడ్డి, గట్టి నురగ. రుచి 14. మధ్యలో బాగుంది, చివర్న తీపి ఆగలేదు. ఒరవడి 4. గ్యాస్ ఇంకొంచెం ఉండాల్సింది. మొత్తం 7. ఒక గ్లాసు తాగుతాను, రెండోది చెప్పను." కలిపితే 37. 'బాగుంది' అనే మాట రాయాల్సి వస్తే పక్కన 'ఎక్కడ' అని కూడా రాయాలన్నది నేను పెట్టుకున్న రూలు. మార్కుల ముందు పక్కవాడితో మాట్లాడకూడదు. ఒకడు "కొబ్బరి వాసన" అన్నాడంటే బల్లంతా కొబ్బరే.

మీ ముక్కుని మీరే పరీక్షించుకోండి

నెలకోసారి మా ఇంట్లో మూడు గ్లాసుల ఆట ఆడతాం. రెండు వేర్వేరు లాగర్లు కొంటాం. ఒకరు వంటింట్లో మూడు ఒకే రకం స్టీలు గ్లాసుల్లో పోస్తారు, రెండిట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. స్టీలు గ్లాసులెందుకంటే రంగు కనపడకూడదు. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా కొట్టినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్కసారి గెలిచి మీసం మెలేయొద్దు. ఆరుసార్లలో ఐదు పట్టుకుంటే అప్పుడు మాట్లాడదాం. పెద్ద బ్రూవరీల్లో కూడా ఈ పద్ధతే వాడతారు. "నేను ఫలానా బ్రాండు తప్ప ముట్టను" అనే స్నేహితులందర్నీ దీనికి పిలవండి, సాయంత్రం సరదాగా గడుస్తుంది.

మా బావమరిదికి ఆ ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు మారతహళ్లిలో ఉంటున్నాడు. పోయిన నెల వాడే నన్ను పిలిచి, హెఫెవైజెన్ చెప్పి, మార్కుల కాగితం నింపి నా వైపు తోశాడు. వాసన దగ్గర ఇలా రాశాడు: "నాయనమ్మ అటక మీద మాగేసిన అరటిగెల, నాలుగో రోజు. 11." నా కాగితంలో 9 ఉంది. గ్లాసుని అరచేతుల్లో కాసేపు పట్టుకుని మళ్లీ చూసి, కొట్టేసి 10 వేశాను.